దేగ్ మా ఇంట్లో, మూత వాళ్లింట్లో

మా ముత్తాత ఒక జాగీర్దారు డేవిడీలో, అంటే ఆయన కోటలాంటి ఇంట్లో, పెద్ద మున్షీ. మిగతా కొలువుదార్లంతా మొదటి దర్వాజా దగ్గర దిగి నడిచి పోవాలి. ఆయన మేనా మాత్రం రెండో దర్వాజా దాకా పోయేది. ఆయన కొడుకు, అంటే మా తాత, వకీలు. ఉర్దూలో వాదించి ఫార్సీలో తిట్టేవాడని పేరు. మా నాన్న ప్రభుత్వ రంగ కర్మాగారంలో గుమాస్తా. ఎండాకాలంలో సిటీ బస్సు మెట్టు మీద వేలాడుతూ పోయేటప్పుడు కూడా కోటు పైగుండీ విప్పిన మనిషి కాదు. నేను ఆయనకు ఒక్కగానొక్క కూతుర్ని. పెళ్లి చేసుకోలేదు. ఒక బడిలో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను.

మేనా నుంచి బస్సు మెట్టు దాకా ఎట్లా దిగివచ్చారని ఎవరైనా అడిగితే, మా మేనత్తలు మలక్‌పేట రేసుకోర్సు ఉన్న దిక్కుకు ఒకసారి చూసి మాట మార్చేవాళ్లు. మా తాతకు గుర్రాలంటే ఇష్టం. అంతకంటే చెప్పేవాళ్లు కాదు. గుర్రం బొమ్మ ఉన్న క్యాలెండరు కూడా మా గోడ మీదికి ఎక్కనివ్వలేదు.

రెండు వాకిళ్ల ఇల్లు మాది. ముందు భాగం ఒకరికి పోయింది, పక్క గదులు ఇంకొకరికి పోయాయి. నా వంతుకు వచ్చేసరికి ఒక వరండా, ఒక గది, ఒక వంటిల్లు, వెనక వాకిలిలో కొంత ముక్క మిగిలాయి. వాటితో పాటు దేగ్ మిగిలింది.

దేగ్ అంటే పెళ్లివంటలకు వాడే పెద్ద రాగి పాత్ర. మాది నా నడుము ఎత్తు ఉంటుంది. మెడ చుట్టూ చుక్కచుక్కగా సుత్తితో కొట్టిన అక్షరాల్లో మా ముత్తాత పేరు, ఒక పక్క ఉర్దూలో, ఒక పక్క తెలుగులో. బోనాల పండుగ మర్నాడు గల్లీ అంతా కలిసి బగారా అన్నం వండుకునేది అందులోనే. ఎవరింట్లో పెళ్లయినా, చావు దినమైనా అదే పొయ్యెక్కేది. మేము అద్దె తీసుకోలేదు. అడిగితే ఇచ్చేవాళ్లం.

అయితే దాని మూత మా ఇంట్లో ఉండేది కాదు. పక్కింట్లో ఉండేది. పక్కిల్లు పాలవాళ్లది, మాకంటే పాత కాపురం కాకపోయినా మా అంత పాతది. ముత్తాత కాలంలో ఏదో తగవు వచ్చిందట. అప్పటి నుంచి దేగ్ మా ఇంట్లో, మూత వాళ్లింట్లో. వంట చేయాలనుకున్నవాడు రెండు గడపలూ తొక్కాలి. మా ముత్తాత దయతలచి వాళ్లకు ఆ గౌరవం ఇచ్చాడని మా ఇంట్లో చెప్పేవాళ్లు. నేను దాన్ని చిన్నప్పటి నుంచి అట్లాగే నమ్మాను. మాకు మూత కావాల్సి వచ్చినప్పుడు పనివాడు పోయి వాళ్ల గుమ్మం ముందు నిలబడి కేకేసేవాడు. మా ఇంటివాళ్లెవరూ స్వయంగా పోయింది లేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ దేగ్‌ను నేను ఫోనులో అమ్మకానికి పెట్టాను.

ఆ ఏడు వానలకు మా రెండు ఇళ్ల వెనక వాకిళ్ల మధ్య గోడ కూలింది. పాలవాళ్ల కొట్టు గది వెనక ఉన్న భాగం వాళ్లు లేపుకోవాలి, నా వంటింటి వెనక ఉన్నది నేను లేపుకోవాలి. ఆ ఇంటి పెద్దామె, నా ఈడుదే, వెంటనే మేస్త్రీని పెట్టింది. గది సామానంతా బయట వేస్తూ, కూలిన గోడ మీదుగా మూతను కూడా నా వరండాలోకి చేరవేసింది. "గది లేశేదాంక నీ దగ్గర వెట్టుకో అక్కా, ఈడ తడుస్తది," అంది. పెట్టించుకున్నాను.

వాళ్ల గోడ లేచింది. నాది లేవలేదు. పరదా కట్టాను. వాళ్ల బర్రె ఒకటి ఆ పరదా తొలగించుకుని తల లోపల పెట్టి, నేను వంట చేస్తుంటే తదేకంగా చూసేది. కట్టెతో అదిలించినా కదిలేది కాదు. ఒకరోజు ఆ పెద్దామె దాన్ని వెనక్కి గుంజుతూ, "మేస్త్రీ ఉన్నడు గద అక్కా, నీది గూడ లేపుతడు. పైసలు తర్వాత చూస్కుందాం తియ్యి," అంది.

"అవసరం లేదు," అన్నాను.

ఆ సాయంత్రమే దేగ్ ఫొటో తీశాను. మూత దాని మీదే బోర్లించి ఉంది. పండుగ కాని రోజున ఆ రెండింటినీ కలిపి చూడడం నాకదే మొదటిసారి. ఎంత నిండుగా కనిపించిందో.

పాత సామాను అమ్ముకునే ఆ యాప్‌లో నేను రాసిన వివరం పొడుగైంది. ఎవరి కాలంది, ఎట్లా వాడాము, ఎంత బరువు, అన్నీ రాశాను. జవాబులు మాత్రం పొట్టిగా వచ్చాయి. 'లాస్ట్ ఎంత?' 'తుక్కు రేటుకిస్తరా?' హోటలు ముందు పూలకుండీగా పెడతామని ఒకరు. పలకరింపు లేకుండా రాసినవాళ్లకు నేను జవాబివ్వలేదు.

బార్కస్ నుంచి ఒకాయన సలాం చెప్పి మొదలుపెట్టాడు. పెళ్లిళ్లకు మందీ వండుతాడట, మాంసమూ అన్నమూ ఒకే పాత్రలో మూత బిగించి ఉడికించే వంట. ఇట్లాంటి పాత రాగి ఇప్పుడు దొరకడం లేదన్నాడు. ధర గురించి ఒక్క మాటే అడిగాడు, నేను ఒక్క మాటే చెప్పాను. తర్వాత, నన్ను అక్కను చేసి, 'మూత కూడా వస్తుందా ఆపా?' అని రాశాడు.

నేను ఇట్లా జవాబు రాశాను: 'మా ఇంట్లో సగం వస్తువు అమ్మే ఆచారం లేదు. మూతతో సహా.'

రాసేటప్పుడు మూత ఎవరిదన్న ఆలోచనే నాకు రాలేదు. అది నా వరండాలో నా దేగ్ మీద ఉంది. దాన్ని ఇచ్చింది మా ముత్తాత. పైగా నేను సగం వస్తువు అమ్ముతాననుకున్నాడేమోనని రోషం వచ్చింది.

తర్వాత నా షరతు ఒకటి పెట్టాను. మెడ మీది పేరు గీకకూడదు. కొన్నవాళ్లు పాత పేర్లు అరగదీసి తమవి కొట్టించుకుంటారు, అది నాకు తెలుసు. ఆయన, 'పేరు ముట్టను. జబాన్ ఇస్తున్న,' అని రాశాడు. ఇల్లు ముక్కలుగా పోయింది, పేరొక్కటి ఆ రాగి మీద ఉంది. అది ఉంటే చాలనుకున్నాను.

ఆయన రావలసిన రోజు పొద్దున్నే ట్రాలీ ఆటో మాట్లాడుకుని దేగ్‌ను బేగంబజార్ తీసుకుపోయి కళాయి పెట్టించాను. కళాయి లేని పాత్రను మా ఇంట్లోంచి ఎవరికీ ఇవ్వలేదు, అమ్మేటప్పుడు మాత్రం ఎందుకిస్తాను? లోపల అద్దంలా మెరుస్తున్న దేగ్‌తో తిరిగివచ్చి వరండాలో దింపించాను. మూత కోసం చూశాను.

మూత లేదు. పొద్దున దాన్ని గోడకు ఆనించి పోయాను. ఆ చోట నేల మీద గుండ్రటి దుమ్ము గీత మాత్రం ఉంది. పరదా ఒక పక్కకు తొలగి ఉంది. పాలవాళ్ల కొట్టు గదికి కొత్త తలుపు బిగించినట్టున్నారు, అటు నుంచి రంగు వాసన వస్తోంది.

అప్పుడే ఫోను మోగింది. "ఆపా, గల్లీ మొగదల ఉన్న. లోపటికి రమ్మంటరా?"

రమ్మన్నాను. ఇంకేమంటాను?

గళ్ల లుంగీ, తెల్ల చొక్కా, నెరిసిన గడ్డం. మనిషి పెద్దవాడే. చెప్పులు మెట్టు కింద విడిచి వచ్చి, దేగ్ చుట్టూ తిరిగి, మెటికతో తట్టి చెవి ఆనించి విన్నాడు. "వాహ్! గంట తీరు మోగుతుంది," అన్నాడు. లోపలికి చేయి పెట్టి కళాయి నిమిరాడు. మెడ మీది పేరు మీద వేలు పోనిచ్చి, నావైపు చూసి తల ఊపాడు. అప్పుడు చుట్టూ చూశాడు.

"ఢక్కన్ ఏది ఆపా?"

"వస్తుంది. కూర్చోండి, చాయ్ పెడతాను."

"చాయ్ మళ్లొచ్చినప్పుడు తాగుత. ఇయ్యాల రాత్రే పొయ్యి రాజేసుడుంది. రేపు పగటీలి పెండ్లి. మూత తెప్పియ్యుండ్రి, ఎక్కిచ్చుకుని పోత."

తెప్పించడానికి నాకు ఎవరున్నారు?

కూలిన గోడ మీదుగా పోతే పాలవాళ్ల వాకిలి ఆ పక్కనే. కానీ అడగడానికి పోయేవాళ్లు ముందు గుమ్మం నుంచే పోవాలి. కొంగు సరిచేసుకుని గల్లీలోకి దిగాను. నడుస్తుంటే మా పనివాళ్లు ఎట్లా కేకేసేవాళ్లో గుర్తుకొచ్చింది. 'మూత!' అంతే. ఇంకో మాట ఉండేది కాదు.

ఆమె గుమ్మం ముందు కూర్చుని పాల క్యాన్లు కడుగుతోంది. నన్ను చూసి చేతిలో పీచు ఆపింది.

"ఏందక్కా, డేవిడీ నడిసొచ్చింది మా ఇంటికి? చక్కెర గిట్ల అయిపోయిందా?"

"మూత కావాలి."

"ఏం మూత?"

"ఏ మూతనో నీకు తెలుసు."

"తెలుసు గని, ఏ పండుగకు? బోనాలు అయిపాయె. పెండ్లా? ఎవల్ది? నీదా?"

లోపల నుంచి ఆమె కోడలి నవ్వు వినిపించింది. నేను వీపు నిటారుగానే పెట్టుకున్నాను.

"వరండాలో ఉన్నదాన్ని నాకు చెప్పకుండా ఎందుకు తీశావ్?"

"నా మూత నేను తెచ్చుకున్న. నువ్వు ఇంట్ల లేకపోతివి. గది లేశేదాంక వెట్టుకోమన్న, గది లేశింది. నీకేమన్న రాసిచ్చిన్నా?"

"ఆ మూత మా ముత్తాత మీకు ఇచ్చింది."

ఆమె లేచి నిలబడింది. తడి చేతులు చీరకు తుడుచుకుంది. ఇప్పుడు గొంతులో వేళాకోళం లేదు.

"ఇచ్చింది గాదక్కా. మావోళ్లు పట్టుకచ్చుకున్నది. గల్లీల ఇంటింటికెల్లి పాత రాగి ఇస్తే చేపిచ్చిన దేగ్ అది. పేరు మాత్రం మీ ముత్తాత తనది కొట్టిచ్చుకున్నడు. రేపు మాదే అంటడని మావోళ్లు మూత ఎత్తుకచ్చి ఇంట్ల వెట్టుకున్నరు. మా అత్త చెప్పింది. ఆమెకు ఆమె అత్త చెప్పింది."

"అబద్ధం."

"గట్లనే అనుకో."

అట్లాంటి మాట నేను పుట్టిన తర్వాత ఎన్నడూ వినలేదు. ఏదో అనబోయాను. వెనక నుంచి దగ్గు వినిపించింది. బార్కస్ ఆయన మా మెట్లు దిగి వచ్చి, మర్యాదగా కొంచెం దూరంలో నిలబడి ఉన్నాడు.

"ఆపా, దేర్ అయితుంది."

"ఈ భాయ్ ఎవలు?" అంది పాలామె.

నేను చెప్పకముందే ఆయన చెప్పాడు. "బార్కస్‌కెల్లి వచ్చిన అమ్మా. దేగ్ కొన్న."

గల్లీలో సైకిల్ మీద పోతున్నవాడు కాలు ఆనించి ఆగాడు. ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్నామె తీగ వదిలేసి పిట్టగోడ మీదికి వంగింది.

"అమ్మినవా అక్కా?" అంది పాలామె, మెల్లగా. "మా పెండ్లి కూడు అండ్లనే ఉడికింది. మా మామ దినాలు అండ్లనే అయినయి. ఒక్క మాట చెప్పకపోతివి."

"నా వస్తువు. నేను అమ్ముకున్నాను."

"అయితే నా మూత నా దగ్గరుంటది."

బార్కస్ ఆయన ఇద్దరి ముఖాలూ చూశాడు. సంగతి ఆయనకు అర్థమవుతూ ఉంది, ముఖం బిగుసుకుంటూ ఉంది. జేబులోంచి ఫోను తీశాడు.

"ఆపా, మీరే రాసిండ్రు. సదువుతున్న, ఇనుండ్రి." ఆయన తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటూ, గల్లీ అంతా వినేటట్టు చదివాడు. "మా ఇంట్లో... సగం వస్తువు... అమ్మే ఆచారం లేదు."

పాలామె నవ్వింది. ఈసారి పెద్దగా. "సగం అమ్మరా! ముందర వాకిలి ఒకలకు, పక్క అర్రలు ఒకలకు అమ్మిండ్రు గద, అది సగం గాదా? పావు అంటరా దాన్ని?"

మేడ మీదామె కూడా నవ్వింది. కానీ నాకు నిజంగా భయం వేసింది ఆ నవ్వుకు కాదు. ఆయన తర్వాత అన్న మాటకు.

"ఆపా, పేరు గీకొద్దన్నరు. ఒప్పుకున్న. నేను జబాన్ మీద నిలవడ్డ. మరి మీరు? మూత లేంది దమ్ ఎట్ల పడతది? మూత లేకుంటే నాకు అది పాత రాగి, అంతే. పాత రాగి మీద పేరుంటే ఏంది, లేకుంటే ఏంది?"

"అయితే కొనకండి," అన్నాను. "మీ డబ్బు మీ దగ్గరే ఉంది."

"కొనకుంటే రేపు దేంట్ల వండాలె? మీ మాట నమ్మి అద్దె దేగ్ వద్దన్న. పొద్దుగూకుతుంది. ఇప్పుడు నాకు ఎవడిస్తడు?" ఆయన కోపంతో అరవలేదు. అరిస్తే నాకు తేలికయ్యేది. "ఖాన్‌దానీ మనుషులనుకున్న," అని ఊరుకున్నాడు.

మా తాత వకీలుగా ఎన్ని కేసులు ఓడాడో నాకు తెలియదు. ఓడినవాడి ముఖం ఎట్లా ఉంటుందో ఆ గల్లీ మధ్యలో నిలబడి నేను తెలుసుకున్నాను. ఒకపక్క నా మాట నమ్మి వచ్చిన మనిషి. ఇంకోపక్క, మా ముత్తాత పేరు మా సొంతం కాని రాగి మీద ఉందంటున్న మనిషి. దేగ్ వెనక్కి తీసుకుంటే ఆయన పెళ్లివంట ఆగుతుంది. ఇచ్చేస్తే పేరు పోతుంది.

పాలామె వైపు తిరిగాను. "మూత..." అన్నాను.

"ఊఁ. మూత?"

"కావాలని చెప్పాను కదా."

"కావాల్నన్నవ్. అడగలే. మీ ఇంట్లకెల్లి పనోడు ఒచ్చి 'మూత' అని ఒర్రి పోయెటోడు. మా అత్త ఇంట్ల ఏ పనిల ఉన్నా ఇడిసిపెట్టి తెచ్చిచ్చేది. ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న మీరొచ్చి, 'ఇస్తరా' అని అడిగిండ్రా?"

అడగలేదు. అది నిజం. మూత ఎవరిదైనా, ఆ ఒక్కటి మాత్రం నిజం.

సైకిల్ వాడు బెల్లు మీద వేలు పెట్టి మరిచిపోయాడు. నేను బళ్లో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటాను, అడగడంలో తప్పు లేదని.

"మూత ఇస్తావా?" అన్నాను.

"ఎవలకు?"

"ఈయనకు. రేపటి పెళ్లివంటకు."

"అమ్మనీకె గాదు గద?"

"కాదు."

ఆమె లోపలికి పోయి, కోడల్ని పిలవకుండా, ఆ బరువైన మూతను తనే నడుముకు ఆనించుకుని మోసుకొచ్చింది. నేరుగా బార్కస్ ఆయన ముందు దింపింది.

"ఇను భాయ్. ఇది బదులిస్తున్న, అమ్ముతలేను. బేగంబజార్ల ఇదే కొలతకు కొత్తది చేపిచ్చుకో. చేపిచ్చుకుని నా మూత నాకు తెచ్చియ్యి. ఈ అక్క ఇంట్ల గాదు, నా ఇంట్ల. సమజైందా?"

"సమజైంది అమ్మా." ఆయన చేయి గుండె మీద పెట్టుకున్నాడు. ముఖం మళ్లీ మామూలైంది.

నేను మధ్యలోకి వచ్చాను. "ఒక్క మాట. మూతతో సహా అని ధర చెప్పాను. మూత నేను ఇవ్వడం లేదు. కొత్త మూతకయ్యే ఖర్చు తీసేసి మిగతాది ఇవ్వండి."

"జానే దో ఆపా. పని అయింది గద."

"తీసేసి ఇవ్వండి. లేకపోతే దేగ్ కదలదు."

"గీ ఎచ్చులకు మాత్రం తక్కువ లేదు," అంది పాలామె, ఎవరితోనో చెప్పినట్టు. కానీ ఆయన తీసేసి ఇచ్చాడు. నేను చూసుకోకుండా కొంగున ముడివేసుకున్నాను.

సైకిల్ వాడు కూడా చేయి వేస్తే దేగ్ ట్రాలీ ఎక్కింది. మూత మీద పెడితే కదులుతోంది. పాలామె కొట్టంలోకి పోయి బర్రె పలుపు ఒకటి తెచ్చి, దాన్ని అటూ ఇటూ వేసి బిగించి కట్టింది. ముడి వేసేటప్పుడు పలుపు రెండో కొస నేను పట్టుకున్నాను. ఆమె నావైపు చూడలేదు. నేనూ చూడలేదు. కట్టిన పలుపు సరిగ్గా మా ముత్తాత పేరు మీదుగా పోయింది. బార్కస్ ఆయన అది గమనించి, పలుపు కొంచెం కిందికి జరిపాడు.

ట్రాలీ గల్లీ మలుపు తిరిగేదాకా ఇద్దరం ఎవరి మెట్ల మీద వాళ్లం నిలబడ్డాం.

మర్నాడు మధ్యాహ్నం ఆయన ఫోనులో ఒక ఫొటో పంపాడు. పొయ్యి మీద దేగ్, మూత చుట్టూ పిండి మెత్తి ఉంది. మసి మెడ దాకా పాకింది. మసిలోనే పేరు. సగం అక్షరాలు కనిపిస్తున్నాయి, మిగతావి ఉన్నాయని నాకు తెలుసు. కింద 'అల్‌హందులిల్లా', అంతా దేవుడి దయ, అని రాశాడు. మంచిదని జవాబు రాశాను.

నా గోడ లేచింది. వేరే మేస్త్రీతో లేపించుకున్నాను. బర్రె తల ఇప్పుడు నా వంటింట్లోకి రాదు. గల్లీలో ఇద్దరు ముగ్గురు నాతో మాట్లాడడం మానేశారు. వచ్చే బోనాలకు బగారా అన్నం దేంట్లో వండుతారని ఎదురింటామె నాకు వినపడేటట్టు అడుగుతూనే ఉంటుంది. అద్దె దేగ్ తెస్తారు, అంతే కదా. దేగ్ ఎవరి రాగితో చేయించారన్నది నాకు ఇప్పటికీ తెలియదు. మా ఇంట్లో చెప్పిందే నిజమని నేనంటాను. వాళ్లింట్లో చెప్పిందే నిజమని ఆమె అంటుంది. ఇదివరకు ఈ మాట గోడకు అటు ఆమె, ఇటు నేను విడివిడిగా అనుకునేవాళ్లం. ఇప్పుడు ఎదురుపడి అనుకుంటున్నాం.

బార్కస్ ఆయన కొత్త మూత చేయించుకున్నాక, పాతదాన్ని కడిగించి, స్వయంగా తెచ్చి పాలవాళ్ల గుమ్మంలో దింపి పోయాడు. పోతూ మా వరండాలో కూర్చుని, అప్పుడు వద్దన్న చాయ్ తాగాడు. మూత వాళ్ల కొట్టు గదిలో, కొత్త గోడకు ఆనించి ఉంది.

మా ఇంట్లోంచి అమ్ముడుపోయినవాటిలో ఆఖరిది దేగ్. మూత అమ్మలేదు.